బొంత గొంతు

ఆ రోజు ఉదయం డబ్బింగాయన పెట్టుకున్న పని ఒక్కటే, నోరు మూసుకుని ఉండటం. మామూలు మనిషికి ఇదేమంత పెద్ద పని కాదు. కానీ నోరు తెరిస్తేనే పూట గడిచే మనిషికి, అందులోనూ ఇంటికి వచ్చేది అత్తగారైనప్పుడు, చెప్పినంత తేలిక కాదు.

ఆయన పిల్లల టీవీలో వచ్చే బొమ్మల కథలకు గొంతు ఇస్తాడు. పొద్దున ఎలుగుబంటి, మధ్యాహ్నం ముసలి తాబేలు, సాయంత్రానికి అలిగిన రైలింజను. ఏ జంతువైనా, ఏ యంత్రమైనా సరే, తెర మీద దాని మూతి కదిలితే చాలు, అది ఏమంటోందో ఈయన నోటికి వచ్చేస్తుంది. వీధిలో అందరూ ఆయన్ని డబ్బింగాయన అనే పిలుస్తారు. ఆయన సొంత గొంతు ఎలా ఉంటుందని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. వాచ్‌మన్‌తో తాబేలులా, ఎదురింటివాళ్ళతో ఎలుగుబంటిలా మాట్లాడటం ఆయనకి అలవాటైపోయింది.

ఇక ఇంట్లో బొంత ఉంది. బొంత అంటే కుక్క. నల్ల మచ్చ, గోధుమరంగు మచ్చ, తెల్ల మచ్చ కలిపి ఎవరో పాత గుడ్డలతో కుట్టినట్టు ఉంటుంది కాబట్టి దానికి ఆ పేరు పెట్టారు. ఒక వానాకాలం మెట్ల కింద తడుస్తూ కనిపిస్తే డబ్బింగాయన భార్య పైకి తీసుకొచ్చింది. దాని ఒళ్ళు ఆరేలోపే ఆయన దానికి ఒక గొంతు తయారుచేశాడు. కొంచెం ముక్కుతో, కొంచెం గారాబంగా, మాట చివర సాగదీస్తూ ఉంటుంది ఆ గొంతు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ముఖ్యమైన సంగతులన్నీ బొంత ద్వారానే నడుస్తున్నాయి. భార్యకి కోపం వచ్చి మాటలు మానేస్తే, "అమ్మా, నాన్న టీ తాగకుండా కూర్చున్నాడు, చూస్తే జాలేస్తోందీ" అని బొంత చెప్పేది. ఆవిడ నవ్వు ఆపుకోలేక టీ పెట్టేది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. ఈయన సంసారం కుక్క నోటి మంచితనం మీద నడుస్తోంది.

అందుకే ఆ ఉదయం భార్య ముందు ఆ నోటికే తాళం వేసింది. ఆవిడ కళ్ళద్దాల షాపులో చూపు పరీక్షించే ఉద్యోగం చేస్తుంది. ఆ వారం సెలవు దొరకలేదు.

"ఏమండీ, అమ్మ ఉన్నన్నాళ్ళూ బొంత గొంతు తియ్యకండి," అంది బాక్సు మూత బిగిస్తూ. "వేళాకోళం అనుకుంటుంది. పోయినసారిలా అలిగి వెళ్ళిపోతే ఇక ఈ గడప తొక్కదు. ఈ ఒక్కసారి మా అమ్మ సంతోషంగా ఉండి సంతోషంగా బస్సెక్కాలి. నాకింకేం వద్దు."

పోయినసారి సంగతి డబ్బింగాయనకి బాగా గుర్తుంది. అత్తగారు గుమ్మంలోకి వస్తూనే కూతుర్ని గట్టిగా వాటేసుకున్నారు. కూతురు కర్రలా బిగుసుకుపోయింది. అది ఆ అమ్మాయికి చిన్నప్పటి నుంచీ ఉన్నదే, ఎవరు పట్టుకున్నా అంతే. అత్తగారు చేతులు తీసేసి, "పరాయి పిల్లని పట్టుకున్నట్టుంది" అన్నారు. మర్నాడే పని ఉందంటూ వెళ్ళిపోయారు. ఆ తర్వాత తల్లీకూతుళ్ళ ఫోన్లు వార్తలు చదివినట్టు సాగేవి. అక్కడ ఎండలు, ఇక్కడ వానలు, సరే ఉంటాను. ఫోన్ పెట్టేశాక భార్య కాసేపు కిటికీ దగ్గర నిలబడేది. ఏమైందని ఈయన అడగడు, బొంత అడిగేది. "ఏం లేదే" అని ఆవిడ బొంతకే జవాబు చెప్పేది.

కాబట్టి డబ్బింగాయన మాట ఇచ్చాడు. ఇచ్చినప్పుడు నిజంగానే ఇచ్చాడు.

అత్తగారు డ్రైవింగ్ స్కూలు నడుపుతారు. ఎంతటి మొండివాణ్ణయినా దారిలో పెడతారని పేరు. పక్క సీట్లో కూర్చుని, స్టీరింగు మీద శిష్యుడి చెయ్యి పట్టుకుని తిప్పించడం ఆవిడ పద్ధతి. ప్రేమ కూడా ఆ చేతులతోనే వస్తుంది. భుజం చరచడం, బుగ్గ పుణకడం, దగ్గరికి లాక్కోవడం, ఒకసారి పట్టుకున్నాక వదలకపోవడం. ఆవిడ వచ్చేసరికి ఇంట్లో ఉన్నది డబ్బింగాయన, బొంత. అల్లుడి భుజం ఒకటి చరిచి, బ్యాగు కింద పెట్టి, బొంతని చూసి, "ఓసి నా బంగారమా" అంటూ మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని రెండు చేతులా వాటేసుకున్నారు.

బొంత కదల్లేదు. మెడ అటు తిప్పుకుని గోడ కేసి చూసింది. నాలిక బయటపెట్టి ముక్కు తడుపుకుంది. ఆపైన నోరంతా తెరిచి ఆవులించింది.

అత్తగారి చేతులు వదులయ్యాయి. అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయి, "దీనికీ నేను నచ్చలేదన్నమాట" అన్నారు, నవ్వుతూనే.

ఆ 'దీనికీ' అన్న మాట డబ్బింగాయన తట్టుకోలేకపోయాడు. ఆయనకి మనసు మెత్తన. మనసు మెత్తనైన మనిషికి నోరు కూడా ఉంటే ఏమవుతుందో ఇక చూడండి.

"అమ్మమ్మా, ఇంత ఆలస్యంగానా రావడం? నువ్వొస్తావని రాత్రంతా నిద్రపోలేదు తెలుసా? అందుకే ఆవలింతలూ" అంది బొంత.

అత్తగారు ఉలిక్కిపడి అల్లుణ్ణి చూశారు, కుక్కని చూశారు, మళ్ళీ అల్లుణ్ణి చూశారు. వేళాకోళం అనుకుంటే పుట్టి మునిగినట్టే. కానీ ఆవిడ ముఖమంతా విప్పారింది. "నాలిక చప్పరిస్తున్నావే, ఆకలా?" అని కుక్కనే అడిగారు. ఔనంది కుక్క.

అత్తగారు తెలివితక్కువ మనిషేం కాదు. మాట్లాడుతున్నది అల్లుడని ఆవిడకి తెలుసు. కానీ ఆవిడ లెక్క వేరు. పొద్దస్తమానం దానితో ఉండే మనిషికి దాని మనసు తెలియదా? గొంతు అల్లుడిది, మాట కుక్కది, అంతే. టీవీలో ఇన్నాళ్ళూ జంతువుల మాటలు చెబుతున్నవాడికి ఇంట్లో జంతువు మాట తప్పుతుందా? ఆవిడ ఇలా అంటుంటే డబ్బింగాయన కాదనలేకపోయాడు. నిజం చెప్పొద్దూ, ఆయనకి కూడా అది నిజమేననిపించింది.

అక్కడి నుంచి బండి దిగువకు జారడం మొదలైంది. అత్తగారు వాటేసుకున్నప్పుడల్లా బొంత ముక్కు తడుపుకునేది, ఆకలంటోంది కాబోలని ఆవిడ ఒక బిస్కెట్టు పెట్టేవారు. బిస్కెట్టు తిన్నందుకు ముద్దొచ్చి మళ్ళీ వాటేసుకునేవారు. అది మళ్ళీ ముక్కు తడుపుకునేది. ఆవులిస్తే నిద్రొస్తోందని తన మంచం మీద పడుకోబెట్టుకుని, లేవకుండా చెయ్యి వేసేవారు. అలా పట్టుకుంటే సన్నగా వణికింది. "చలిగా ఉందమ్మమ్మా" అన్నాడు డబ్బింగాయన, ఏదో ఒకటి అనాలి కాబట్టి. అత్తగారు సంచిలోంచి తన ఉన్ని శాలువా తీసి, దాని మెడ చుట్టూ, పొట్ట చుట్టూ తిప్పి ముడివేశారు. అది కళ్ళు పక్కకి తిప్పి తెల్లగుడ్డు కనబడేలా చూస్తే, ఓరచూపు చూస్తోందని మురిసిపోయారు.

సాయంత్రం భార్య వచ్చేసరికి బొంత హాలు మధ్యలో శాలువా కట్టుకుని కూర్చుని ఉంది. పక్కన అత్తగారు కడుపుబ్బ నవ్వుతున్నారు. బొంత అప్పుడే ఆవిడతో, మీ స్కూల్లో నాకూ లైసెన్సు ఇప్పిస్తావా అని అడిగింది మరి.

భార్య వంటింట్లోకి పిలిచి, "తీశారా?" అంది.

"కొంచెం," అన్నాడు ఆయన, తేలు కుట్టిన దొంగలా.

తిట్లు తప్పవనుకున్నాడు. కానీ హాల్లోంచి తల్లి నవ్వు వినబడింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో ఏమో, భార్య గరిటె పట్టుకుని అలా నిలబడిపోయింది. కాసేపటికి, బొంత తోక చూశారా, కాళ్ళ మధ్య ఎలా బిగించుకుందో, దానికి ఊపిరాడుతోందో లేదో అంది. తోక కొస ఆడిస్తోంది కదా, సంతోషమే అన్నాడు ఆయన. తోక ఆడించినదల్లా సంతోషం కాదండీ అంది ఆవిడ. కానీ గట్టిగా అనలేదు. తల్లి నవ్వుతోంది. ఆ ఇంట్లో ఆ నవ్వు చెడగొట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది, ఒక్క బొంతకి తప్ప. బొంతకేమో గొంతు లేదు.

మర్నాడు బొంత మంచం కిందికి దూరింది. గోడవారన, పాత సూట్‌కేసుల వెనక్కి పోయి, పిలిచినా రాలేదు. అత్తగారి ముఖం మళ్ళీ చిన్నబోయింది. "దాక్కున్నానోచ్, వచ్చి పట్టుకో" అన్నాడు డబ్బింగాయన. అనకపోతే బాగుండేది. అత్తగారు మహోత్సాహంగా పొట్ట మీద పాక్కుంటూ మంచం కిందికి వెళ్ళారు. వెళ్ళడం వెళ్ళారు కానీ వెనక్కి రావడానికి లేదు. చీర చెంగు మంచం కోడుకి పట్టేసింది. అల్లుడు పరుపు తీసి, చెక్క ఎత్తి, అత్తగారిని బయటికి లాగేసరికి, ఆవిడ జుట్టు నిండా బూజు, చంకలో బొంత. "దొరికింది బాబూ దొంగ" అన్నారు ఆవిడ. బొంత కొయ్యబొమ్మలా ఉంది. "ఓడిపోయాను అమ్మమ్మా" అన్నాడు ఆయన.

ఆ మధ్యాహ్నం ఆవిడ తన చెల్లెలికి ఫోన్ చేసి, బొంత చేత మాట్లాడించారు. చెల్లెలు ముచ్చటపడి, అంత ప్రేమగా ఉంటే నీతో తెచ్చేసుకోకూడదా అక్కా అంది. అత్తగారు ఫోన్ చేత్తో పట్టుకునే, "ఏమే, నాతో వస్తావా?" అని బొంతని అడిగారు. అటువైపు ఒక పెద్దావిడ, ఇటువైపు ఒక పెద్దావిడ, ఇద్దరూ చెవులు రిక్కించుకుని ఉన్నారు. అలాంటప్పుడు రానని ఏ కుక్క అంటుంది? "వస్తానమ్మమ్మా, నువ్వు లేకుండా నేనుండలేను" అంది బొంత.

అది మాటవరసకని డబ్బింగాయన అనుకున్నాడు. అత్తగారు సాయంత్రం బజారుకి వెళ్ళి, మెడపట్టీ, గిన్నె, బస్సులో తీసుకెళ్ళడానికి మూత ఉన్న బుట్ట కొనుక్కొచ్చారు.

భార్య బుట్టని చూసింది, మొగుణ్ణి చూసింది. గదిలోకి వచ్చాక తలుపు వేసి, "బొంతని పంపేస్తానని మాటిచ్చారా?" అంది. నేను కాదు, అదే అందని చెప్పబోయి, ఆవిడ కళ్ళు చూసి ఆగిపోయాడు. బొంతని మెట్ల కింద నుంచి ఎత్తుకొచ్చింది ఆవిడ. ఇప్పుడు వద్దంటే తల్లి ఏమనుకుంటుంది? కూతురు తనని దగ్గరికి రానివ్వలేదు, వచ్చిన కుక్కని కూడా లాక్కుంది అనుకుంటుంది.

"గొంతు మీరే తీశారు, మీరే సర్దండి," అంది. "మీకు చెవులే ఉన్నాయండీ, కళ్ళు లేవు. అది మొదటి రోజు నుంచీ వదలమనే చెబుతోంది."

మర్నాడు భార్య షాపుకి వెళ్ళాక డబ్బింగాయన రంగంలోకి దిగాడు. అత్తగారు బుట్టలో పాత దుప్పటి పరుస్తున్నారు. ఆయన గొంతు సవరించుకుని, బొంతలో ప్రవేశించి, నెమ్మదిగా చెప్పాడు. అమ్మమ్మా, నాకు బస్సు పడదు, వాంతులవుతాయి, పైగా ఇక్కడ అమ్మ బెంగ పెట్టుకుంటుంది, నేను రాలేనూ అని.

అత్తగారు దుప్పటి వదిలేసి లేచారు.

"ఇది బొంత మాట కాదు బాబూ," అన్నారు. "ఇది నీ మాట."

చూశారా చిత్రం. ఇన్నాళ్ళూ కుక్క మనసుకీ ఆయన మాటకీ మైళ్ళ దూరం ఉంటే అది కుక్క మాట అయింది. మొదటిసారి నిజానికి కొంచెం దగ్గరగా వస్తే అబద్ధమైపోయింది. అత్తగారు, దాన్నే అడుగుదాం ఉండు అంటూ, తలుపు మూల నక్కిన బొంత దగ్గరికి వెళ్ళారు. వంగి, శాలువాతో సహా పైకెత్తి, గుండెలకి అదుముకుని, ముఖంలో ముఖం పెట్టారు.

"చెప్పవే తల్లీ, నాతో రావూ?"

బొంతకి వెనక్కి జరగడానికి చోటు లేదు. మూతి తిప్పుకుంది, ముక్కు తడుపుకుంది, ఆవులించింది. మూడు రోజులుగా చెప్పినవన్నీ మరొకసారి చెప్పి చూసింది. ఎవరూ వినలేదు. అప్పుడు దాని గొంతు లోపలి నుంచి, సన్నగా, పళ్ళ మధ్య నుంచి, ఒక గుర్రు వచ్చింది.

అత్తగారు బొంత నోటి కేసి, ఆపైన అల్లుడి నోటి కేసి చూశారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వచ్చిన రోజే అత్తగారు బిస్కెట్టు పెడుతూ, గుర్రుమనే కుక్క ఇంట్లో ఉండకూడదు బాబూ, ఇవాళ గుర్రుమన్నది రేపు కరుస్తుంది, అలాంటిదాన్ని నేనైతే ఆ పూటే పంపేస్తాను అన్నారు. ఆ మాట డబ్బింగాయన బుర్రలో గిర్రున తిరిగింది. బొంత బయటికి, భార్య ఏడుపు, అత్తగారి పంతం, అన్నీ ఒక్కసారే కనబడ్డాయి. ఆలోచించడానికి వ్యవధి లేదు. నోరు అలవాటు చొప్పున తెరుచుకుంది.

"అది నేనే, అత్తయ్యా," అన్నాడు, ముసలి తాబేలు గొంతులో.

అత్తగారు బొంతని మెల్లగా కింద పెట్టారు. "నువ్వా?"

"నేనే. ఇలా." రుజువు కోసం మరోసారి గుర్రుమన్నాడు. పదిమంది మెచ్చిన గొంతాయె. బొంతకంటే బాగా వచ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఈయన నాలుక ఊడి కిందపడింది కూడా, ఈయనకే ఇంకా తెలియలేదు.

అత్తగారికి కోపం వస్తే గొంతు పెరగదు, మర్యాద పెరుగుతుంది. "అలాగా అల్లుడుగారూ," అన్నారు. "మీకు అంత కష్టంగా ఉందని నాకు తెలీదండీ. కుక్కని అడ్డం పెట్టుకోకుండా ముందే చెప్పాల్సింది. మీరు గుర్రుమనేదాకా ఆగాల్సింది కాదు నేను."

ఆవిడ గదిలోకి వెళ్ళి బ్యాగు సర్దడం మొదలుపెట్టారు. మధ్యలో కూతురికి ఫోన్ చేసి, మీ ఆయన నా మీద గుర్రుమన్నాడమ్మా, నేను వెళ్తున్నాను అని చెప్పారు. అటు నుంచి ఏమడిగిందో గానీ, "మనిషేనే, మనిషే గుర్రుమన్నాడు. రెండుసార్లు" అన్నారు.

డబ్బింగాయన హాల్లో కూలబడ్డాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గుర్రుమన్నది తనేనంటే అత్తగారు అల్లుడి మీద అలిగి వెళ్తారు. కుక్కేనంటే, చివరికి కుక్కకి కూడా నచ్చలేదని ఆవిడ గుండె పగులుతుంది. బొంత వచ్చి ఆయనకి కాస్త దూరంలో పడుకుని, శాలువా ముడిని పళ్ళతో లాక్కుంటోంది. ఆయన ముడి విప్పాడు. అది లేచి, తల నుంచి తోక దాకా ఒళ్ళంతా ఒక్క విదిలింపు విదిలించుకుని, పెద్ద నిట్టూర్పు విడిచింది. దానికేం మాటలు పెట్టాలో ఆయనకి తోచలేదు. పెట్టక్కర్లేదని మొట్టమొదటిసారి అర్థమైంది. అది చెప్పాల్సిందంతా చెప్పేసింది.

భార్య ఆటో దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. అత్తగారు బ్యాగుతో గుమ్మంలో ఉన్నారు. పక్కకి జరగమ్మా అంటున్నారు, కూతురు తలుపుకి అడ్డం నిలబడింది. ఏమైందో చెప్పండని మొగుణ్ణి అడిగింది.

డబ్బింగాయన లేచాడు. తాబేలు రాలేదు, ఎలుగుబంటి రాలేదు. కాస్త బొంగురుగా, కాస్త తడబడుతూ మరేదో గొంతు పలికింది.

"గుర్రుమన్నది నేను కాదత్తయ్యా. బొంతే."

అత్తగారు అటూ ఇటూ చూశారు. "ఇదెవరి గొంతు?"

"నాదే."

ఆ ఇంటికి అల్లుడయ్యాక ఆయన ఆవిడతో సొంత గొంతుతో మాట్లాడటం అదే మొదలు. మొదలుపెట్టాక ఆగలేదు. ఆవలింతలు నిద్రవి కావు, ముక్కు తడుపుకోవడం ఆకలికి కాదు, వణుకు చలికి కాదు, దాక్కున్నది ఆటకి కాదు. మీరు బాధపడతారని నేనే కల్పించాను. మిమ్మల్ని నవ్వించాలని చూశాను, దాన్ని చూడలేదు. ఇలా అంతా చెప్పేసి, తిట్టండి అన్నట్టు తల వంచుకున్నాడు.

అత్తగారు తిట్టలేదు. బ్యాగు కింద పెట్టి, చెప్పుల స్టాండు పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు. "అయితే మొదటి రోజు నేననుకున్నదే నిజమన్నమాట. నేనంటే దానికి పడదు."

"నువ్వు పడకపోవడం కాదమ్మా," అంది భార్య. "నువ్వు పట్టుకోవడం పడదు. అవి రెండూ ఒకటి కాదు."

అత్తగారు కాసేపు కుక్కని, ఆ తర్వాత కూతుర్ని చూశారు. ఆవిడకి ఏదో తట్టింది. తట్టినదాన్ని ఒక్కసారే మింగలేక, ముందు తనకి తెలిసిన దారిలోకి మళ్ళారు.

"అంటే అది ఇండికేటర్ వేస్తూనే ఉంది," అన్నారు. "ఒకసారి కాదు, పదిసార్లు వేసింది. నేను చూసుకోకుండా మీదికి పోనిచ్చాను. చివరికి హారన్ కొట్టింది. హారన్ కొట్టినందుకు బండిదే తప్పంటామా? నా శిష్యుడెవడైనా ఇలా నడిపితే బండి దిగేలోపే ఫెయిల్ చేసేదాన్ని."

డబ్బింగాయన ఊపిరి పీల్చుకున్నాడు. మరి ఇప్పుడేం చెయ్యాలని అత్తగారే అడిగారు, కొత్తగా చేరిన శిష్యురాలిలా. ఏమీ చెయ్యొద్దు అంది కూతురు. పిలవొద్దు, దానివైపు తేరిపార చూడొద్దు, బిస్కెట్టు చూపించొద్దు. చెయ్యి మోకాలి మీద ఉంచుకుని ఊరికే కూర్చో. రావాలనుకుంటే వస్తుంది. రాకపోతే ఇవాళ్టికి రాదు, అంతే.

ఊరికే కూర్చోవడం అత్తగారికి జన్మలో చేతకాని పని. వేళ్ళు వాటంతటవే కదులుతున్నాయి, ఆవిడ వాటిని మరో చేత్తో అదిమి పట్టుకున్నారు. వీధిలో ఏవేవో బళ్ళు వెళ్ళాయి. పక్కింట్లో కుక్కర్ కూసి ఆగింది. బొంత లేచింది, ఆగింది, గిన్నె దాకా వెళ్ళి నీళ్ళు తాగింది, అటు తిరిగి ఇటు తిరిగి స్టూలు దగ్గరికి వచ్చింది. ఆవిడ చీర కుచ్చిళ్ళు వాసన చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, ఆవిడ కాలికి వీపు ఆనించి కూర్చుంది.

డబ్బింగాయన నోరు తెరిచాడు. భార్య చెయ్యి వచ్చి దాన్ని మూసేసింది.

అత్తగారు కదల్లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే తుడుచుకోవడానికి కూడా చెయ్యెత్తలేదు. అది లేచి వెళ్తుందేమోనని భయం. అలాగే నేల చూస్తూ, "నువ్వూ ఇంతేనా?" అని అడిగారు. అడిగింది కుక్కని కాదు.

కూతురు వచ్చి స్టూలు పక్కన నేల మీద కూర్చుంది. "నీ పక్కన కూర్చోవడం నాకెంతో ఇష్టమమ్మా. బిగించి పట్టుకుంటేనే ఊపిరాడదు. నువ్వనే కాదు, ఎవరైనా అంతే. నువ్వంటే ఇష్టం లేక కాదు."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?"

"చెబుతూనే ఉన్నాను కదమ్మా."

పిల్లని ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ ఎత్తుకున్నప్పుడల్లా అది ఎటు తిరిగేదో అత్తగారికి ఒక్కొక్కటే గుర్తొస్తోందని ముఖం చూస్తే తెలుస్తోంది. ఆవిడ చెయ్యి సాచబోయి, ఆపుకుని, అరచెయ్యి తిప్పి స్టూలు అంచున పెట్టారు. కూతురు ఆ చేతిలో తన చెయ్యి పెట్టింది. ఒక పక్క కుక్క, ఒక పక్క కూతురు, మధ్యలో ఆవిడ, ఎవరూ ఎవరినీ పట్టుకోలేదు. డబ్బింగాయన వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాడు. వాళ్ళకి టీ కావాలో వద్దో ఎవరి గొంతుతోనూ అడగలేదు.

అత్తగారు అనుకున్న వారమంతా ఉన్నారు. మూత ఉన్న బుట్టలో పాత న్యూస్‌పేపర్లు సర్దుకుంది కూతురు. బొంత ఒక్కోరోజు ఆవిడ దగ్గరికి వచ్చేది, ఒక్కోరోజు వచ్చేది కాదు. రాని రోజు ఆవిడ, ఇవాళ దానికి రెడ్ పడింది అనుకునేవారు. వచ్చిన రోజు గడ్డం కింద రెండు వేళ్ళతో గోకి, చెయ్యి తీసేసి ఆగి చూసేవారు. అది మూతితో ఆ చేతిని తోస్తే మళ్ళీ గోకేవారు. కూతురితో కూడా అంతే, పక్కన చోటు ఉంచి కూర్చునేవారు. చాలాసార్లు ఆ చోటు నిండేది. తల్లీకూతుళ్ళు ఎండలూ వానలూ దాటి, ఏవేవో కబుర్లు చెప్పుకునేవారు. డబ్బింగాయన ఆ కబుర్లలో తన బొంగురు గొంతుతో అప్పుడప్పుడూ ఓ మాట కలిపేవాడు. నీ గొంతు ఇదే బాగుంది బాబూ అన్నారు అత్తగారు. వృత్తిరీత్యా అది మెచ్చుకోలో కాదో ఆయనకి అర్థం కాలేదు.

వెళ్ళే రోజు ముగ్గురూ బస్టాపుకి వచ్చారు. అత్తగారు బ్యాగు కింద పెట్టి, చేతులు రెండూ తన దగ్గరే పెట్టుకుని, కూతురికి కాస్త ఎడంగా నిలబడ్డారు. వెళ్ళొస్తానమ్మా అన్నారు. ఆ చేతులు ఎంత బలవంతాన ఊరుకున్నాయో చూసిందేమో, కూతురు ఒక అడుగు ముందుకేసి, తనంతట తానుగా తల్లిని రెండు చేతులా గట్టిగా వాటేసుకుంది.

అత్తగారు కర్రలా బిగుసుకుపోయారు. జీవితమంతా పట్టుకోవడమే గానీ, పట్టుబడటం ఆవిడకి అలవాటు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఎదుటి కొట్టు బోర్డు కేసి చూశారు. కూతురు వదల్లేదు.

"చాల్లేవే, బస్సు వెళ్ళిపోతుంది," అన్నారు.

బస్సు అప్పటికింకా రానేలేదు.